జపం సంచి

చీర మళ్ళీ జారిపోయింది.

శాంతయ్య దాన్ని మోకాలి మీదికి లాక్కున్నాడు. అంచుకు అంచు కలిపి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ముడత తీయబోయాడు. కుడిచేయి మాట వినలేదు. బొటనవేలు చూపుడువేలి మీద ఊరికే దొర్లుతోంది, కనిపించని గోలీ ఏదో నలుపుతున్నట్టు. పట్టు నున్నగా ఉంటుంది కదా, ఆ కదలికకే ఒక మడత విడిపోయింది. ఒకటి విడితే మిగతావి ఆగవు. ఆకుపచ్చ చీర తెల్లటి పరుపు మీద కుప్పగా పడింది.

ఎదురుగా కూర్చున్న ఆడమనిషి కాళ్ళు వెనక్కి లాక్కుంది. పక్కనున్న చెల్లెలి చెవిలో ఏదో చెప్పింది. ఆ మాట శాంతయ్యకు వినపడలేదు గాని, ఆమె ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు కనపడింది.

"బొజ్జన్నా, ఆ చీర నువ్వు తీసుకో," అన్నాడు మురళి.

బద్వేలు బజారులో నాగసుబ్బయ్య శెట్టిది పాత పద్ధతి జవళి అంగడి. కుర్చీలు లేవు. బేరానికి వచ్చినవాళ్ళు గడప బయట చెప్పులు విడిచి, తెల్లదుప్పటి పరిచిన పరుపుల మీద కూర్చోవాలి. చీరలు చూపించేవాళ్ళు చూపిస్తూ ఉంటే, మడతలు వేసేవాళ్ళు వెనకాలే మడతలు వేస్తూ పోవాలి. లేకపోతే పూట తిరిగేసరికి అంగడంతా చీరల గుట్టే, కొత్తగా వచ్చినవాళ్ళకు కూర్చోవడానికి చోటుండదు. శాంతయ్య పని ఆ మడతలే. మీసం రాకముందు ఆ పరుపు ఎక్కాడు, ఇప్పుడు మీసం తెల్లబడింది.

బొజ్జన్న ఆకుపచ్చ చీరను అందుకుంటూ, "రాత్రి గట్టిగానే పోసినట్టుండావే శాంతన్నా," అన్నాడు.

"నేను ముట్టనని నీకు తెల్దా?"

"తెలుసు గాబట్టే అంటాండా. తాగేవోణ్ణి అంటే కొడతాడు గదా."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. శాంతయ్య నవ్వలేదు. కుడిచేతిని తొడకింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

బేరం అయిపోయాక మురళి ఆయన్ను బట్టల అరల వెనక్కి పిలిచాడు. మురళి నాగసుబ్బయ్య శెట్టి ఒక్కగానొక్క కొడుకు. అంగడి నడిపేదంతా ఇప్పుడు అతనే.

"రేపు శుక్రవారం పోరుమామిళ్ళ వాళ్ళు పెండ్లిజవళికి వస్తాండారు. పెద్ద జవళి. రేపుగూడా నీ చేయి ఇట్లనే ఉంటే, ఇంగ పరుపు మీద వద్దు శాంతయ్యా. గడప కాడ కూచో."

"గడప కాడ ఏం పనుండాది?"

"చెప్పులు. మొన్న ఎవరో ఒక జత ఎత్తుకపోయిరి గదా. చూసుకునేదానికి ఒక మనిషి కావాల."

శాంతయ్య అరల సందులోంచి గల్లాపెట్టె వైపు చూశాడు. అక్కడ పెద్దశెట్టి ఉన్నాడు. నాగసుబ్బయ్యను అందరూ పెద్దశెట్టి అనే అంటారు. ఆయన కుడిచేయి ఎప్పుడూ ఒక కాషాయపు గుడ్డ సంచిలో ఉంటుంది. జపం సంచి. లోపల వేళ్ళు తులసిమాల తిప్పుతున్నట్టు పైన గుడ్డ మెల్లగా కదులుతూ ఉంటుంది. బేరం మధ్యలో కూడా ఆగదు. ఆ నిష్ఠ చూసి, చీరలు కొన్న ఆడవాళ్ళు పోతూ పోతూ ఆయన కాళ్ళకు దండం పెట్టి పోతారు. చేతులు కదిలే మనుషులు ఆ అంగట్లో ఇద్దరుంటే ఒకరికి దండం, ఒకరికి చెప్పులు. ఆ ఆలోచన శాంతయ్యకు అప్పుడు రాలేదు. ఆయన చూసింది పెద్దశెట్టి మొహం మాత్రమే. ఒక్కమాట ఆ నోట్లోంచి వస్తుందేమో అని. పెద్దశెట్టి వీధి వైపు చూస్తున్నాడు.

*

"చెప్పులా!" అంది భార్య జీవమ్మ. చేతిలోని గిన్నె దభీమని కింద పెట్టింది. "వాళ్ళ అంగట్లో నీ చేయి పడని చీర ఉండాదా? నోరు లేదా నీకు? అడగకూడదా?"

"ఏమని అడగాల?"

"రోగమని చెప్పు!"

"చెప్పినా. నరాల బలహీనతకు మందు తాగేవోళ్ళను శానామందిని చూసినానని మురళప్ప నవ్వినాడు."

జీవమ్మ అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు వండి పెట్టేది ఆమే. ఆ గది గోడ మీద ఒక గుడ్డు బొమ్మ, ఒక పాలగ్లాసు, చెనక్కాయలు, కందిపప్పు గీసి, పైన 'ప్రొటీన్' అని ఎర్రరంగుతో రాసి ఉంటుంది. రోజూ దాని కిందే కూర్చుని గుడ్లు ఒలుస్తుంది. ఆ మధ్య కడపలో నరాల డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు, బయట జనం తోసుకుంటూ ఉంటే, డాక్టరమ్మ గబగబా చెప్పింది: దీన్ని పార్కిన్సన్ అంటారు, మెదడులో ప్రొటీన్ తేడా చేసింది, వయసు మీద పడినాక వచ్చేదే, ఈ మాత్రలు మానకుండా వాడండి అని. అందులో శాంతయ్యకు అందింది 'మాత్రలు' అన్న మాట. జీవమ్మకు అందింది 'ప్రొటీన్' అన్న మాట.

ప్రొటీన్ సంగతి తనకొకరు చెప్పాలా?

ఆ రోజు నుంచి శాంతయ్యకు పూటపూటకూ గుడ్డే. మాత్ర గొంతుకు అడ్డం పడుతోందని ఆయన ఒకసారి అంటే, దానికీ ఉపాయం కనిపెట్టింది. ఉడికిన గుడ్డును దారంతో రెండుగా కోసి, పచ్చసొనలో మాత్ర గుచ్చి, మళ్ళీ రెండు చెక్కలూ మూసి నోటికి అందించేది. పైన గ్లాసెడు పాలు. అంగడికి పోయేటప్పుడు డబ్బాలో చెనక్కాయలు నూరిన ఊరిబిండి, ఇంకొక గుడ్డు, దాని కడుపులో మధ్యాహ్నం మాత్ర. ఇంత పెట్టినా చేయి నిలవకపోతే, ఇంకొంచెం పెట్టాలని అనుకునేది. నాటుకోడి గుడ్లయితే బలమని ఊరంతా తిరిగి తెచ్చింది.

"రేపు ఉపవాస ప్రార్థన," అంది కాసేపటికి. "నువ్వుగూడా ఉండు. సాయంత్రం దాకా ఏమీ వద్దు. మాత్ర నీళ్ళతో మింగు."

"గుడ్డు లేకుండానా?"

"ఒక్క దినానికి ఏం గాదు. దేవుడు చూసుకుంటాడు."

శుక్రవారం శాంతయ్య ఉత్త నీళ్ళతో మాత్ర మింగి అంగడికి పోయాడు. కడుపు కాలుతోంది. పరుపు మీద కూర్చుని, కుడిచేతిని తొడకింద పెట్టుకుని, పోరుమామిళ్ళ వాళ్ళ కోసం చూస్తున్నాడు. వాళ్ళు రావడం రావడం ఒక పెండ్లికి సరిపడా వచ్చారు. ముసలమ్మలు, పిల్లతల్లులు, మధ్యలో తలవంచుకున్న పెండ్లికూతురు. బొజ్జన్న మొదటి చీర విసిరి పరిచాడు. "ఇది గాదు, ఇంకోటి," అంది ఒక ముసలమ్మ. మొదటి చీర శాంతయ్య వైపు వచ్చింది.

చేయి బయటికి తీశాడు. వేళ్ళు ఊరకే ఉన్నాయి.

ఆయన నమ్మలేదు. చీరను రెండుగా పొడుగునా మడిచి, అంచుకు అంచు కలిపాడు. కలిసింది. మూర మూర కొలుచుకుంటూ తిప్పాడు. కొంగు పైకి వచ్చేలా ఆఖరి మడత వేసి, జరీ మీద కాగితం పరిచి, అరచేత్తో ఒకసారి ఒత్తాడు. చీర పలకలాగ నిలిచింది. తరవాత రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఇక ఆయన లెక్కపెట్టలేదు. ఎర్రవి, పసుపువి, నెమలికంఠం రంగువి, వచ్చినవి వచ్చినట్టు మడతపడి అరలోకి పోతున్నాయి. బొజ్జన్న పరిచేదానికంటే శాంతయ్య మడిచేదే ముందుంది.

"ఏమి తాతా, మమ్మల్ని తరుముతాండావా?" అంది పెండ్లికూతురి మేనత్త. "చూడనీ కాసేపు."

అందరూ నవ్వారు. ఈసారి శాంతయ్య కూడా నవ్వాడు.

మధ్యాహ్నం మళ్ళీ నీళ్ళతోనే మాత్ర. పొద్దుగూకేదాకా చేయి అట్లే ఉంది. పోరుమామిళ్ళ వాళ్ళు మూటలు కట్టించుకుని పోయాక మురళి భుజం తట్టాడు. "ఇట్లుండాల శాంతయ్యా. నువ్వనుకుంటే అయితాది, చూడు."

నువ్వనుకుంటే అన్న మాట కొంచెం గుచ్చుకుంది గాని, ఆ సంతోషంలో శాంతయ్య పట్టించుకోలేదు.

ప్రార్థనలో జీవమ్మ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. చెబుతూ ఏడ్చింది. "నా పెనిమిటి చేయి నిలబడింది!" అనగానే చర్చి అంతా స్తోత్రం అని అరిచింది. యేసుప్రసాద్ పాస్టరు శాంతయ్య కుడిచేతిని పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాడు. చేతిని అట్లా ఎత్తి చూపించడం శాంతయ్యకు సిగ్గనిపించింది. దింపుకుందామంటే పాస్టరు వదల్లేదు.

*

శనివారం పొద్దున జీవమ్మ రెండు గుడ్లు పెట్టింది. నిన్నటి బాకీ కూడా కలిపి తీర్చాలనుకుంది కాబోలు. ఒకదానిలో మాత్ర గుచ్చింది. పాలు నిండుగా పోసింది.

అంగట్లో మొదటి చీరకే వేళ్ళు దొర్లడం మొదలుపెట్టాయి. శాంతయ్య చేతిని విదిలించాడు. రెండో చేత్తో గట్టిగా పిసికాడు. నిన్న ఉన్న చేయి ఇదే గదా అని దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. చీర జారింది. ఎత్తాడు. మళ్ళీ జారింది. ఆయనకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. చీరను గట్టిగా లాగేసరికి జరీ అంచు గోరుకు పట్టుకుని పోగు లేచింది.

మురళి చూశాడు. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పరుపుల మీద బేరానికి వచ్చినవాళ్ళు ఉన్నారు.

"నిన్న ఎట్ల నిలబడిందప్పా ఈ చేయి?"

"తెలీదు మురళప్పా."

"నాకు తెలుసు. నిన్న శుక్రవారం. నీకు ఉపవాసం. తాగవు. నిలబడింది. ఈ పొద్దు శనివారం. వణుకుతాంది. ఇంగ దీన్ని ఏమనుకోవాల నేను?"

శాంతయ్య చేతిలోని చీరను పరుపు మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ చేయి వణకడమే తన మీద నేరం. ఇప్పుడు వణకకుండా ఉన్న ఒక్క రోజు కూడా తన మీదే సాక్ష్యం చెబుతోంది.

"మురళప్పా," అన్నాడు బొజ్జన్న, చేతిలో పని ఆపకుండానే. "మా బావ పెద్ద తాగుబోతు. తాగితేనే వాని చేయి నిలబడ్తాది, తాగని దినం వణుకుతాది. నువ్వు చెప్పేది తిరగబడిందే."

"నిన్నడిగినానా?" అని బొజ్జన్నను కసిరి, మురళి శాంతయ్య ముందర వంగాడు. "ఊదు."

"ఏంది?"

"నోరు తెరిచి ఊదు. తేలిపోతాది."

రోడ్డు మీద మోటారుసైకిళ్ళ వాళ్ళను ఆపి పోలీసులు ఊదిస్తారు. శాంతయ్యకు మోటారుసైకిల్ కూడా లేదు. ఆయన చుట్టూ చూశాడు. ఒక చంటిపిల్ల తల్లి తల పక్కకు తిప్పుకుంది. గల్లాపెట్టె దగ్గర పెద్దశెట్టి ఇటే చూస్తున్నాడు. కాషాయపు సంచి ఎప్పటికంటే గట్టిగా కదులుతోంది. చూపు కలవగానే ఆయన వీధి వైపు తిరిగాడు.

శాంతయ్య ఊదాడు.

మురళి ముక్కు మూసుకుని వెనక్కి తగ్గాడు. "గుడ్డు! థూ. శనివారం పూట, ఎంకటేశ్వరస్వామి దినం, గుడ్డు తినొచ్చి పరుపెక్కినావా?"

"మందు వాసన వచ్చిందా, రాలేదా? అది చెప్పు."

"రాలేదు. రాకుంటే దొంగవేషమన్నా కావాల. నిన్న అంత బాగుండి, ఈ పొద్దు ఎట్ల చెడిపోతాది? లే. గడప కాడికి పో."

శాంతయ్య లేచాడు. మెల్లగా లేచాడు. కాళ్ళు కూడా ఈ మధ్య వెంటనే లేవడం లేదు. దాన్ని చూసి కూడా "వేషం" అన్నాడు మురళి.

గడప బయట ఎండ కొడుతోంది. రబ్బరు చెప్పులు, మడమ అరిగిన తోలుచెప్పులు, పిల్లల గజ్జెల చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. శాంతయ్య స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఊరకే ఉండలేక వంగి, జతకు జత కలిపి, అంచులు సమంగా పేర్చాడు. పేర్చినాక తను ఏం చేశాడో తెలిసి, కాలితో ఒక జతను తన్నేశాడు. అవి ఎవరివో, వాళ్ళు బయటికి వచ్చి వెతుక్కుంటూ ఉంటే మళ్ళీ తనే ఏరి ఇచ్చాడు.

ఆదివారం చర్చిలో అందరి కళ్ళూ ఆయన చేతి మీదే. వణుకుతోందని తెలిసి ఒకరు విశ్వాసం చాలలేదన్నారు, ఒకరు ఇంట్లో ఏదో పాపముందన్నారు. శాంతయ్య ఆరాధన ముగియకముందే లేచి వచ్చేశాడు. జీవమ్మ ఆ రాత్రి గుడ్డుతోపాటు ఉలవచారు కూడా పెట్టింది.

*

సోమవారం కడపకు పోయారు. ఆసుపత్రిలో నరాల డాక్టరు గది ముందర పొడుగాటి వరండా. రెండువైపులా బల్లలు. చోటు దొరికి కూర్చున్నాక శాంతయ్య తల ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

బల్లల నిండా ముసలివాళ్ళు. ఒకాయన ఖద్దరు చొక్కా, ఒకాయన లుంగీ, ఒకామె నారింజరంగు గుడ్డ కప్పుకుంది. అందరి చేతులూ ఒళ్ళో ఉన్నాయి. అందరి బొటనవేళ్ళూ చూపుడువేళ్ళ మీద దొర్లుతున్నాయి. మాటల్లేవు. ఎదురుగా ఒక తురకల అవ్వ ఎడమచేత్తో నిజం తస్బీ మాల పట్టుకుని ఒక్కొక్క పూసా జరుపుతోంది. ఆమె కుడిచేతిలో పూసలు లేవు. అయినా వేళ్ళు జరుపుతూనే ఉన్నాయి.

అంతా కూర్చుని జపం చేస్తున్నట్టుంది.

"జీవమ్మా," అన్నాడు శాంతయ్య. "పెద్దశెట్టి చేయి..."

"ఏంది?"

"ఏం లేదు."

ఈసారి జనం తక్కువ. డాక్టర్ పద్మప్రియ నింపాదిగా అడిగింది. ఏ రోజు బాగుంది, ఏ రోజు బాగలేదు అని. శుక్రవారం అని చెప్పాడు శాంతయ్య. ఆ రోజు ఏం తిన్నావంది. ఏమీ తినలేదన్నాడు. మిగతా రోజులు?

అది జీవమ్మ చెప్పింది. ఎక్కడా తడబడకుండా, కొంచెం గర్వంగానే చెప్పింది. గుడ్డు, పాలు, చెనక్కాయల ఊరిబిండి, ఉలవచారు. దారంతో గుడ్డు ఎట్లా కోసేదీ, మాత్ర ఎట్లా గుచ్చేదీ చేతులతో చూపించింది. "మీరు చెప్పినట్టే మేడమ్, ప్రొటీన్‌కు ఏం తక్కువ చెయ్యలేదు."

డాక్టరమ్మ చేతిలోని కలం బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది," అంది. "సరిగ్గా చెప్పలేదు. అమ్మా, మీ గుడ్డులో ఉండే ప్రొటీన్ వేరు, నేను చెప్పిన ప్రొటీన్ వేరు. అది మెదడులోనే పుడుతుంది. ఏం పని చేస్తాడు మీ ఆయన?"

"జవళి అంగట్లో మడతలు," అన్నాడు శాంతయ్య.

"అయితే నీకే బాగా అర్థమవుతుంది. ఆ ప్రొటీన్ కూడా ఒక తీరుగా మడతపడి ఉండాలి. అప్పుడే పనికొస్తుంది. మడత తప్పినవాటిని సరిచేసేవి కొన్ని, సరిగాకపోతే ముక్కలు చేసి ఊడ్చేసేవి కొన్ని, మెదడులో ఎప్పుడూ పనిచేస్తూ ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ వాటి పని మందగిస్తుంది. మడత తప్పినవి ఒకదానికొకటి అంటుకుని గుట్ట పడతాయి. చేతిని నిలకడగా నడిపే కణాలు ఆ గుట్టల మధ్య నలిగి చచ్చిపోతాయి. ఎందుకట్లా అన్నది మాకూ పూర్తిగా తెలియదు."

శాంతయ్య విన్నాడు. "అంటే నా తలకాయలో మడతలేసే గుమాస్తాలు ముసలోళ్ళయిపోయిరి."

"అయ్యారు."

"వాళ్ళనుగూడా చెప్పుల కాడ కూచోబెట్టినారేమో."

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. మాత్ర సంగతికి వచ్చింది. ఆ మాత్ర కడుపులోంచి మెదడుకు చేరాలంటే ఒక దారి ఉంది, గుడ్డూ పాలూ అరిగినాక వచ్చే సరుకుకూ అదే దారి. రెండూ ఒకేసారి వస్తే తోపులాటలో మాత్ర వెనకబడుతుంది. "గుడ్డు మానొద్దు. బలం కావాలి. రాత్రి అన్నంలోకి జరుపు. మాత్ర మాత్రం తిండికి అరగంట ముందర, ఉత్త నీళ్ళతో. జబ్బు పోదు. చేయి నిలబడే గంటలు పెరుగుతాయి, అంతే."

లేచేటప్పుడు శాంతయ్య కాళ్ళు అతుక్కుపోవడం చూసి ఇంకొకటి చెప్పింది. నడుస్తూ కాలు లేవకపోతే ముందర ఏదైనా గీతలాగ వేసుకుని, దాన్ని దాటాలనుకోమంది. దాటడానికైతే లేస్తుందట కాలు.

బస్సులో జీవమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సు సిద్ధవటం దాటింది. పెన్నలో ఇసుక తెల్లగా మెరుస్తోంది.

"నా చేత్తోనే," అంది. "పూటపూటకూ నా చేత్తోనే మూసి పెడితిని."

ఓదార్చాలని శాంతయ్యకు తెలుసు. కానీ ఊదమన్నప్పుడు నోట్లోంచి వచ్చిన ఆ గుడ్డు వాసన గుర్తొచ్చింది. ఆమె మీద కోపం ఉంది, ఆ కోపం న్యాయం కాదనీ తెలుసు. ఆ రెండింటి మధ్య ఊరు వచ్చేదాకా కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, "గుడ్లు రాత్రికి పెట్టు. కారం బాగా పట్టించి," అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని సంచీ ఎత్తుకుంది.

*

మంగళవారం శాంతయ్య ఉత్త నీళ్ళతో మాత్ర మింగి, కాసేపాగి సంగటి తిని అంగడికి పోయాడు. చేయి నిలబడింది. ఆ సంగతి మురళికి చెప్పాలనిపించలేదు. చెబితే ఏమంటాడో కూడా తెలుసు: చూడు, గడప కాడ కూచోబెట్టగానే వేషం పోయింది. స్టూలు మీద కూర్చుని, నిలకడగా ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల బొజ్జన్న ఒక్కడే మడతలు వేయలేక సతమతమవుతున్నాడు. గుట్ట పెరుగుతోంది.

పెద్దశెట్టి భోజనానికి ఇంటికి పోయే వేళయింది. ఆటో వచ్చి నిలబడింది. పెద్దశెట్టి గడప దాకా వచ్చి ఆగాడు.

ఆగడం ఆగడం కదల్లేదు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు బయటికి పోవాలి. ఆయన గడపకు మొక్కుకుంటున్నాడనుకుని వాళ్ళూ చేతులు జోడించి నిలబడ్డారు. స్టూలు మీది నుంచి శాంతయ్యకు కనపడేది మొహం కాదు, కాళ్ళు. మడమలు లేస్తున్నాయి. మునివేళ్ళు నేలకు అతుక్కున్నాయి. పెద్దశెట్టి ముందుకు తూలి, పడబోయి, రెండు చేతులతో తలుపుచెక్క పట్టుకున్నాడు. జపం సంచి ఊడి చెప్పుల మధ్య పడింది.

శాంతయ్య భుజం మీది తువ్వాలు తీసి, మెలిపెట్టి, గడప ముందర అడ్డంగా వేశాడు.

"దాన్ని దాటు," అన్నాడు మెల్లగా. "గడపను చూడొద్దు. తువ్వాలును దాటు."

పెద్దశెట్టి చూశాడు. కాలు లేచింది. దాటి బయటికి వచ్చి స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు చెప్పులేసుకుని, ఆయనకు దండం పెట్టి పోయారు.

శాంతయ్య వంగి సంచి ఎత్తాడు. బరువే లేదు. వేళ్ళతో నలిపి చూశాడు. గుడ్డకు గుడ్డ తగిలింది. ఒక్క పూస లేదు.

"మాల యాడ, శెట్టిగారూ?"

"సంచి ఇయ్యి."

"ఇది జపం గాదు."

పెద్దశెట్టి లోపలికి ఒకసారి చూశాడు. మురళి వీపు ఇటువైపు ఉంది. "తెలుసు," అన్నాడు.

"డాక్టరుకు చూపిస్తిరా?"

"చూపిస్తే మాత్రలొస్తాయి. మాత్రలొస్తే ఇంట్లో నా పెండ్లాం సుందరలక్ష్మికి తెలుస్తాది, వానికి తెలుస్తాది. తెలిసినాక గల్లా కాడ కూచోబెడతాడా నన్ను?"

శాంతయ్య జీవితంలో ఆ మనిషిని ఏకవచనంతో పిలవలేదు. ఇందాక తువ్వాలు దాటమన్నప్పుడు తొందరలో వచ్చేసింది. ఇప్పుడు తెలిసే అన్నాడు.

"నన్ను ఊదమన్యాడు. అందరి ముందర. నువ్వు ఆడనే కూచోనుండావు."

పెద్దశెట్టి కుడిచేతి వేళ్ళు గాలిలో దొర్లుతున్నాయి. దాచడానికి సంచి లేదు.

"ఉండాను," అన్నాడు.

లోపలికి పోయి అరవాలనిపించింది శాంతయ్యకు. మురళప్పా, ఇట్ల రా, మీ నాయన్నుగూడా ఊదమను. ఆ మాట నాలిక మీద ఉంది. ఆయన దాన్ని మింగలేదు, అనలేదు. సంచిని పెద్దశెట్టి చేతిలో పెట్టాడు. చెప్పులు జరిపి పాదాల ముందర సమంగా పెట్టాడు.

"నీ డాక్టరమ్మ కడపలో యాడ?" అని అడిగాడు పెద్దశెట్టి.

"ఎక్కు. ఆటో వాడు చూస్తాండాడు."

సాయంత్రం బేరం పుంజుకుంది. మైదుకూరు వైపు నుంచి పెండ్లిజవళికి ఒక గుంపు వచ్చింది. పెద్దశెట్టి తిరిగొచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. సంచి కదులుతోంది. పరుపు మీద చీరల గుట్ట మోకాళ్ళ ఎత్తుకు లేచింది. వచ్చినవాళ్ళకు కూర్చోవడానికి చోటులేక నిలబడే చూస్తున్నారు. మురళి బొజ్జన్నను కసురుతున్నాడు. బొజ్జన్న, "రెండు చేతులే గదా మురళప్పా నాకు ఇచ్చింది," అంటున్నాడు.

"శాంతయ్యా, లోపలికి రా," అన్నాడు పెద్దశెట్టి.

మురళి తిరిగి చూశాడు. "నాయినా, ఆయప్ప చేయి..."

"రమ్మంటి."

శాంతయ్య గడప దాటి వచ్చాడు. పెద్దశెట్టి గల్లాపెట్టె దగ్గర నుంచి లేచాడు. సంచిలోంచి కుడిచేయి బయటికి తీశాడు. సంచిని పెట్టె మీద పెట్టాడు. అది చదునుగా పడిపోయింది. గుట్టలోంచి వంగపండు రంగు పట్టుచీర ఒకటి లాగి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస శాంతయ్యకు అందించాడు.

ఇద్దరూ దూరంగా జరిగి చీరను సాగదీసి నిలబడ్డారు. చీర మధ్యలో సన్నగా అల కదిలింది. జరీ అంచు లైటు కింద తళతళమని వణికింది. నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె అలవాటుగా శాంతయ్య వైపు చూసి, "ఏం తాతా, చేయి వణుకుతాంది?" అంది.

మురళి కూడా ముందు శాంతయ్య చేతినే చూశాడు. ఆ చేయి కదలడం లేదు. అతని చూపు అంచు వెంబడి మెల్లగా జరిగి, అవతలి కొస దాకా పోయింది. అక్కడ బొటనవేలు చూపుడువేలి మీద దొర్లుతోంది, మధ్యలో పట్టు నలుగుతోంది. మురళి పెట్టె మీద ఉన్న సంచిని ఎత్తాడు. లోపల చేయి పెట్టాడు. తీశాడు. నోరు తెరిచి ఏదో అడగబోయి, తండ్రి నోటి వైపు ఒకసారి చూసి, మూసుకున్నాడు.

బొజ్జన్న చేతిలో పని ఆపాడు.

"అంచు గట్టిగా పట్టుకో శెట్టీ," అన్నాడు శాంతయ్య. "జారుతాది."